గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఎంతవరకు పనికొస్తాయి?

ఎకో రిపోర్టులో ఈఎఫ్ (ఒక్కో కొట్టుకుకి గుండె బయటికి నెట్టే రక్తం శాతం) 30 అనో 35 అనో వచ్చిన ఇంట్లో, డాక్టరు రాసిన మందుల డబ్బా పక్కన ఇంకో డబ్బా చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇ-విటమిన్ గుళికలు, చప్పరించే సి-విటమిన్ మాత్రలు, కో క్యూ 10, యాంటీఆక్సిడెంట్లు అని పెద్దక్షరాలతో రాసున్న మల్టీవిటమిన్, చుట్టాలెవరో పట్టుకొచ్చిన నోని రసం, తెల్లమద్ది బెరడు పొడి. ఇచ్చేవాళ్లంతా మంచి మనసుతోనే ఇస్తారు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని కళ్లముందు చూస్తూ "ఇది కూడా వాడి చూద్దాం" అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కలాంటివి కావు. చాలావాటివల్ల ఏ మార్పూ రాలేదు. ఒకటి గుండె జబ్బున్నవాళ్లకి చెరుపు చేస్తుందని తేలింది. ఒకదానికి మాత్రం, షరతులతో, ఆలోచించదగ్గ ఆధారం ఉంది. ఏది ఏదో, ఎంత మోతాదో, ఏ మందుతో కలిస్తే ఏమవుతుందో విడివిడిగా చెప్పుకోవాలి.

ముందు కొలత సంగతి. ఇక్కడ అడుగుతున్నది ఆయుష్షు గురించి మాత్రమే కాదు, రోజు ఎలా గడుస్తోందని. స్నానం చేసి బట్టలు కట్టుకునేసరికి మధ్యలో కూర్చోవాల్సి వస్తోందా, రాత్రి ఎన్ని దిండ్లు కావాల్సొస్తున్నాయి, వీధి చివరిదాకా నడవగలుగుతున్నారా, మనసు ఎలా ఉంది. ఇవన్నీ గాల్లో తేల్చే విషయాలు కావు, వీటికి అంకెలున్నాయి. ట్రయల్స్ లో ఎక్కువగా వాడేవి రెండు ప్రశ్నావళులు. మిన్నెసోటా ప్రశ్నావళిలో 21 ప్రశ్నలు, 0 నుంచి 105 దాకా మార్కులు. అందులో మార్కులు ఎక్కువొస్తే ఇబ్బంది ఎక్కువని అర్థం. కాన్సస్ సిటీ ప్రశ్నావళిలో 0 నుంచి 100, ఇక్కడ ఎక్కువొస్తే మంచిది. రెండింటిలోనూ 5 మార్కుల తేడా వస్తే రోగికి నిజంగా తెలిసే మార్పని లెక్క. వీటికి తోడు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్న పరీక్ష. అందులో 30 మీటర్లు పెరిగితే చెప్పుకోదగ్గ మెరుగు.

ఈ అంకెలతోపాటు ఇంకో విషయం గుర్తుండాలి. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రో సూదో ఇచ్చినా చాలామందికి బాగున్నట్టే అనిపిస్తుంది. స్థూలకాయం ఉండి, ఈఎఫ్ మామూలుగా ఉన్నా గుండె వైఫల్యం లక్షణాలతో బాధపడే 529 మందితో చేసిన స్టెప్-హెచ్ఎఫ్‌పెఫ్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. బరువు తగ్గించే సూదిమందు సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్ల కాన్సస్ సిటీ మార్కులు 16.6 పెరిగాయి. ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లకి కూడా 8.7 పెరిగాయి! అంటే ఏ మందూ లేకుండానే, తెలిసేంత మార్పు. ఆసుపత్రికి తరచూ రావడం, ఎవరో ఒకరు పలకరించి అడగడం, మందులు క్రమంగా వేసుకోవడం, మరీ బాగోలేని రోజుల్లో చేరినవాళ్లు మెల్లగా తమ మామూలు స్థితికి రావడం, ఇవన్నీ కలిసిన ఫలం అది. "మా బాబాయికి ఫలానా గుళిక వాడాక ఆయాసం తగ్గింది" అన్న మాట అబద్ధం కాదు. ఆ తగ్గడం గుళికవల్లేనా అన్నది మాత్రం పక్కన ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపు ఉంటేనే తెలుస్తుంది.

అసలు యాంటీఆక్సిడెంట్ల ఊసు ఎందుకొచ్చింది? ఆలోచనకి పునాది గట్టిదే. బలహీనపడ్డ గుండె కండరంలో సూపరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు ఎక్కువగా పుడతాయి. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా నుంచి కొన్ని, బీపీ పెంచే హార్మోను యాంజియోటెన్సిన్ ప్రేరేపించే ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము నుంచి కొన్ని, యూరిక్ యాసిడ్ తయారుచేసే జాంతీన్ ఆక్సిడేజ్ నుంచి కొన్ని. ఇవి రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ ను మింగేస్తాయి, కండరం సంకోచానికి కావలసిన కాల్షియం రాకపోకలను చెడగొడతాయి, మచ్చకణజాలం పెరగడానికి దోహదం చేస్తాయి. జబ్బు ముదిరినకొద్దీ ఈ గుర్తులు రక్తంలో పెరుగుతాయని ఎన్నోసార్లు కొలిచారు. కాబట్టి వాటిని తుడిచేసే పదార్థం మింగితే గుండె తేరుకోవాలి కదా అన్నది సబబైన ప్రశ్న. ప్రశ్న సబబైనదే గానీ, జవాబు కాదని వచ్చింది.

ఇ-విటమిన్

దీన్ని మొదట చెప్పడానికి కారణముంది. మన దగ్గర జుట్టుకనీ చర్మానికనీ కాళ్లు పీకుతున్నాయనీ చీటీ లేకుండా అందరూ కొనే గుళిక ఇది. 400 మిల్లీగ్రాముల కృత్రిమ టోకోఫెరిల్ అసిటేట్ అంటే 400 అంతర్జాతీయ యూనిట్లు. ట్రయల్స్ లో చెరుపు కనిపించిన మోతాదు సరిగ్గా ఆ స్థాయే.

గుండె వైఫల్యం మూడు, నాలుగు తరగతుల్లో (కొద్దిపాటి పనికే, లేదా ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చే స్థాయి) ఉన్న 56 మందికి రోజుకి రెండుసార్లు 500 యూనిట్ల చొప్పున 12 వారాలు ఇచ్చి చూశారు. ఫలితం 2001లో వచ్చింది. రక్తంలో ఇ-విటమిన్ పెరిగింది. జీవన నాణ్యత మార్కులు కదల్లేదు, జబ్బు తీవ్రత గుర్తులూ కదల్లేదు. ఇది ఒట్టి నిష్ఫలం. దీనికన్నా పెద్ద సంగతి హోప్ ట్రయల్, దాని పొడిగింపు హోప్-టూ లో బయటపడింది. రక్తనాళాల జబ్బో మధుమేహమో ఉన్న 55 ఏళ్లు పైబడ్డవాళ్లకి రోజుకి 400 యూనిట్లు ఇచ్చి సుమారు 7 ఏళ్లు గమనించారు. 2005లో వెలువడిన ఫలితాల్లో గుండె వైఫల్యం వచ్చే ముప్పు 13 శాతం, దానివల్ల ఆసుపత్రిలో చేరే ముప్పు 21 శాతం ఎక్కువగా తేలింది. ఇటలీలో జరిగిన జిస్సి ట్రయల్ ను ఆ తర్వాత తిరిగి విశ్లేషించినప్పుడు, గుండెపోటు వచ్చి పంపింగ్ తగ్గినవాళ్లలో రోజుకి 300 మిల్లీగ్రాముల ఇ-విటమిన్ తీసుకున్నవాళ్లకి గుండె వైఫల్యం ముప్పు 50 శాతం పెరిగినట్టు కనబడింది. రెండు వేరువేరు ట్రయల్స్ లో, రెండు వేరువేరు గుంపుల్లో దిశ ఒకటే. పంపింగ్ తగ్గినవాళ్లు 400 గుళిక రోజూ వేసుకోకూడదని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. పల్లీలు, బాదం, నూనెల్లో ఉండే ఇ-విటమిన్ కి ఈ మాట వర్తించదు. అక్కడ వచ్చేది రోజుకి పది, పదిహేను మిల్లీగ్రాములు.

ఎందుకిలా తిరగబడింది? కారణాలు నాలుగైదు చెబుతారు. సూపరాక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్ తో కలిసే వేగం రసాయన చర్యల్లో ఉండగలిగిన అత్యధిక వేగానికి దగ్గరగా ఉంటుంది. మింగిన విటమిన్ అక్కడికి చేరేలోపే ఆ పని జరిగిపోతుంది. ఇ-విటమిన్ ఉండేది కణాల కొవ్వు పొరల్లో, నష్టం ఎక్కువగా జరిగేది మైటోకాండ్రియా లోపల. ఒక ర్యాడికల్ ను (నష్టం చేసే చురుకైన అణువును) పట్టుకున్న ఇ-విటమిన్ తానే ర్యాడికల్ అవుతుంది. దాన్ని మళ్లీ మామూలు చేయడానికి సరిపడా సి-విటమిన్ వంటివి చుట్టూ లేకపోతే తానే ఆక్సీకరణ చేస్తుంది. ఆల్ఫా రూపాన్ని మోతాదుకు మించి ఇస్తే ఆహారంలో వచ్చే గామా రూపం ఒంట్లో తగ్గిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి ఒట్టి చెత్త కాదు. కొద్ది మోతాదులో అవి కణం లోపలి సంకేతాలు. వ్యాయామం చేసినప్పుడు ఒళ్లు బలపడడానికి కూడా అవి కావాలి. అన్నిటినీ ఊడ్చేస్తే సంకేతాలూ పోతాయి.

జాంతీన్ ఆక్సిడేజ్ దారిని మూసేసి చూసే ప్రయత్నమూ జరిగింది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న 253 మంది రోగులకి అల్లోప్యూరినాల్ రోజుకి 600 మిల్లీగ్రాములు లక్ష్యంగా 24 వారాలు ఇచ్చారు, 2015 నాటి ఎగ్జాక్ట్-హెచ్ఎఫ్ అది. యూరిక్ యాసిడ్ బాగా తగ్గింది. నడక దూరం, కాన్సస్ సిటీ మార్కులు, రోగి పరిస్థితి ఏవీ మారలేదు. కీళ్లవాతానికి అల్లోప్యూరినాల్ వాడుతున్నవాళ్లు దీన్ని చూసి ఆపకూడదు. అది వేరే అవసరం.

కో క్యూ 10: కొంచెం ఆగి చూడాల్సింది

ఇది బయటి విటమిన్ కాదు, మన కణాలే తయారుచేసుకుంటాయి. మైటోకాండ్రియాలో శక్తి పుట్టే గొలుసులో ఎలక్ట్రాన్లను మోసే పని దీనిది, దాంతోపాటు అక్కడే యాంటీఆక్సిడెంట్ గా కూడా పనిచేస్తుంది. నష్టం జరిగే చోటే ఉండే పదార్థం కాబట్టి మిగతావాటికన్నా దీనిమీద ఆశ పెట్టుకోవడంలో అర్థముంది. జబ్బు ముదిరిన గుండె కండరంలో ఇది తగ్గుతుంది. స్టాటిన్ మాత్రలు కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే అడ్డుపడతాయి, ఆ దారి నుంచే ఇదీ పుడుతుంది కాబట్టి రక్తంలో దీని స్థాయి కూడా పడిపోతుంది.

పాత ట్రయల్స్ నిరాశపరిచాయి. ఆస్ట్రేలియాలో 30 మందికి రోజుకి 100 మిల్లీగ్రాములు 3 నెలలు ఇస్తే ఈఎఫ్ గానీ మిన్నెసోటా మార్కులు గానీ మారలేదు. అది 1999. మరుసటేడు అమెరికాలో 55 మందికి 200 మిల్లీగ్రాములు 6 నెలలు ఇచ్చారు, అక్కడా ఈఎఫ్ మారలేదు, వ్యాయామ సామర్థ్యం మారలేదు. తర్వాత 2014లో క్యూ-సింబియో వచ్చింది. మూడు, నాలుగు తరగతుల్లో ఉన్న 420 మంది, 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, 2 ఏళ్లు. పెద్ద గుండె ఘటనలు ఉత్తుత్తి మాత్ర గుంపులో 26 శాతం, మందు గుంపులో 15 శాతం. మరణాలు 18 శాతం, 10 శాతం. కనీసం ఒక తరగతి మెరుగుపడ్డవాళ్లు 45 శాతం, 58 శాతం.

ఈ అంకెలు చూసి వెంటనే కొనేముందు ఇదే ట్రయల్ లోని ఇంకో ఫలితం చదవాలి. 16 వారాల దగ్గర చూసినప్పుడు లక్షణాల్లో గానీ ఆరు నిమిషాల నడకలో గానీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీలో (గుండె మీద ఒత్తిడిని చెప్పే రక్తపరీక్ష) గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే "నెల వాడి చూస్తాం, తేడా లేకపోతే ఆపేస్తాం" అన్న పద్ధతి దీనికి పనికిరాదు. నెలలో తేడా కనబడితే అది మాత్రవల్ల కాకపోయే అవకాశమే ఎక్కువ. ఇంకా, అనుకున్నంతమందిని చేర్చుకోలేక ట్రయల్ ఏళ్లకేళ్లు సాగింది. 2003 నుంచి 2010 వరకు చేరిన ఆ రోగులకి ఇప్పటి సాక్యుబిట్రిల్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లేవు. ఆ మందులన్నీ వాడుతున్నవాళ్లకి పైన ఇది కలిపితే అంత లాభం ఉంటుందా అన్నది తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. ట్రయల్స్ ను కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2021 నాటి సమీక్షలో 11 ట్రయల్స్ ను కలిపి చూసింది. మరణాలు, ఆసుపత్రి చేరికలు బహుశా తగ్గుతాయంది, వాడమని గానీ వద్దని గానీ గట్టిగా చెప్పేంత ఆధారం లేదని తేల్చింది.

నా అంచనా ఇది: నాలుగు ముఖ్యమైన మందులూ (సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది, కార్వెడిలాల్ లాంటిది, స్పైరోనోలాక్టోన్ లాంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది) తగిన మోతాదుకి చేరాక, ఇంటి ఖర్చుకి ఇబ్బంది లేకపోతే, డాక్టరుకి చెప్పి వాడుకోవచ్చు. ఆ నాలుగింటిలో ఏదీ డబ్బుల్లేక మానకూడదు. వాడితే ట్రయల్ మోతాదే వాడాలి, 100 మిల్లీగ్రాములు మూడు పూటలా. నెలకి 90 గుళికలు. ఒక గుళిక ధరని 90తో హెచ్చవేసి, 24 నెలలకి లెక్కేసుకుని నిర్ణయించుకోండి. గర్భధారణకనీ నీరసానికనీ అమ్మే మిశ్రమాల్లో కార్నిటిన్, లైకోపీన్ తో కలిపి తక్కువ కో క్యూ 10 ఉండొచ్చు. అట్టపెట్టె ముందు పేరు కాదు, వెనక మిల్లీగ్రాములు చూడాలి. ఇది కొవ్వులో కరిగేది కాబట్టి పరగడుపున వేసుకుంటే చాలావరకు వృథా. అన్నంతోనో, నూనె తగిలిన టిఫినుతోనో వేసుకోవాలి. నూనెలో కరిగించిన మెత్తటి గుళిక, పొడి నింపిన గుళిక కన్నా బాగా ఒంటపడుతుంది. కొందరికి కడుపులో వికారం, రాత్రి ఆలస్యంగా వేసుకుంటే నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మూడో గుళిక సాయంత్రం పెందలాడే భోజనంతో వేసుకుంటే సరిపోతుంది.

వాల్వు మార్చినవాళ్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నవాళ్లు వాడే రక్తం పలచబడే మందులు వార్ఫరిన్, ఎసినోకుమరాల్ విషయంలో ఒక హెచ్చరిక. కో క్యూ 10 నిర్మాణం కె-విటమిన్ ను పోలి ఉంటుంది. ఇది మొదలుపెట్టాక ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) పడిపోయిన కేసులు నమోదయ్యాయి. ఒక చిన్న ట్రయల్ లో తేడా రాలేదు గానీ, వాల్వు మీద గడ్డ కడితే జరిగేది చిన్న నష్టం కాదు. మొదలుపెట్టిన వారానికి, రెండు వారాలకి ఐఎన్ఆర్ చూపించుకోవాలి. ఆపినప్పుడూ అంతే.

సెలీనియంతో కలిపి అమ్మేవాళ్లు స్వీడన్ ట్రయల్ పేరు చెబుతారు. అక్కడ 443 మంది వృద్ధులకి రోజుకి 200 మైక్రోగ్రాముల సెలీనియం, 200 మిల్లీగ్రాముల కో క్యూ 10 సుమారు 4 ఏళ్లు ఇస్తే గుండె మరణాలు తగ్గాయి. ఆ ట్రయల్ లో చేరింది గుండె వైఫల్యం ఉన్నవాళ్లని ఏరి కాదు, ఆ నేలలో సెలీనియమూ తక్కువ. రోజుకి 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం మొదలుకావచ్చు. మల్టీవిటమిన్ లో కొంత, విడిగా కొంత వేసుకుంటే ఆ గీత దాటడం కష్టమేమీ కాదు.

మల్టీవిటమిన్ల కథ క్లుప్తంగా చెప్పొచ్చు. 2005లో ఇంగ్లండులో 30 మంది వృద్ధ రోగులకి ఎక్కువ మోతాదు సూక్ష్మపోషకాల మిశ్రమం 9 నెలలు ఇస్తే ఈఎఫ్ సుమారు 5 పాయింట్లు పెరిగింది, జీవన నాణ్యతా మెరుగైంది. ఆ ఆశతో బెల్‌ఫాస్ట్ లో 74 మందికి 12 నెలలు ఇచ్చి చూస్తే, 2014లో వచ్చిన ఫలితంలో రెండూ మారలేదు. అమెరికా గుండె వైద్య సంఘాల 2022 మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే: నిర్దిష్టమైన లోపం ఉంటే దాన్ని సరిచేయండి, అంతకుమించి విటమిన్లు పోషక మాత్రలు ఇవ్వకండి. ఆ లోపాల్లో మనకి బాగా తెలిసినది బి1. నీరు పోయే మాత్ర, అంటే ఫ్యూరోసెమైడ్, ఏళ్లతరబడి వాడేవాళ్లలో అది మూత్రంలో పోతుంది. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం అన్నమే ప్రధానమైతే రాబడీ తక్కువ. ఉత్తర సర్కారు జిల్లాల తీరంలో ఒకప్పుడు బెరిబెరి స్థిరపడిపోవడానికి ఆ బియ్యమే కారణం. బి1 యాంటీఆక్సిడెంట్ కాదు, కానీ డబ్బాలో ఉన్న వాటన్నిటికన్నా ముందు డాక్టరుని అడగాల్సిన వాటిలో ఒకటి.

తెల్లమద్ది గురించి చాలామంది అడుగుతారు. ఢిల్లీ పరిశోధకులు 100 మంది రోగులకి బెరడు నీటి సారాన్ని 750 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు 12 వారాలు ఇచ్చి, 2016లో ఫలితం ప్రచురించారు. ఈఎఫ్ పెరగలేదు. కొందరిలో లక్షణాలకి సంబంధించిన మార్కులు, రక్తంలో యాంటీఆక్సిడెంట్ నిల్వలు కొంత మెరుగయ్యాయి. మన చెట్టుమీద ఇంత పద్ధతిగా చేసిన పని ఉండడం సంతోషించాల్సిన విషయం, ఇంకా పెద్దది జరగాలి. అయితే ఆ సారం వేరు, ఇంట్లో లెక్కలేకుండా కాచే కషాయం వేరు. కషాయం తాగితే ఆ గ్లాసెడు నీళ్లు కూడా రోజువారీ నీటి లెక్కలోకి వస్తాయి. బీపీ ఇప్పటికే 95, 100 దగ్గర ఉన్నవాళ్లకి కళ్లు తిరగొచ్చు.

మందులకి అడ్డం తిరిగేవి

నోని రసంలో లీటరుకి సుమారు 2 గ్రాముల పొటాషియం ఉంటుంది, కమలా రసంతో సమానం. స్పైరోనోలాక్టోన్ తో పాటు రామిప్రిల్ నో సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ నో వాడుతూ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాస్త ఎక్కువున్న మనిషి రోజూ ఇది తాగితే పొటాషియం 6 దాటొచ్చు. అప్పుడు గుండె లయే తప్పుతుంది. కొబ్బరినీళ్లకీ ఇదే జాగ్రత్త.

నీళ్లలో వేస్తే బుసబుస పొంగే సి-విటమిన్ మాత్రల్లో సోడియం బైకార్బొనేట్ ఉంటుంది. ఒక్కో మాత్రతో 200 నుంచి 400 మిల్లీగ్రాముల సోడియం లోపలికి పోవచ్చు, 400 అంటే గ్రాము ఉప్పు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గించి, గ్లాసులో తాగినట్టు. గ్రాముల కొద్దీ సి-విటమిన్ వేసుకుంటే విరేచనాలు, మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు. నీరు పోయే మాత్ర మీద ఉన్నవాళ్లకి విరేచనాలైతే క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు చాలు.

పసుపు సారం మాత్రల్లో మిరియాల పైపెరిన్ కలుపుతారు, ఒంటపట్టడానికి. ఆ పైపెరిన్ కొన్ని మందుల స్థాయిని కూడా పెంచుతుంది, రక్తం పలచబడే మందులతో రక్తస్రావం ముప్పు ఉంటుంది. కూరలో వేసే పసుపుకి ఈ భయం అక్కర్లేదు. అతిమధురం కలిసిన చూర్ణాలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి పొటాషియం తగ్గిస్తాయి. డిగాక్సిన్ వాడేవాళ్లకి ఇది ప్రమాదం. జుట్టు మాత్రల్లో ఉండే బయోటిన్ 5, 10 మిల్లీగ్రాములైతే కొన్ని ల్యాబుల్లో ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష), ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. గుండెపోటు వచ్చినా రిపోర్టు మామూలుగా రావచ్చు. పరీక్షకి 2, 3 రోజుల ముందు ఆపాలి, అత్యవసరమైతే వేసుకున్నామని చెప్పాలి. ఆహార అనుబంధాల కింద అమ్మే డబ్బాలమీద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని రాయడం మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ మాట కనబడితే అది జబ్బు నయం చేసే మందుగా పరీక్షకి నిలిచినది కాదని అర్థం.

డబ్బులు ముందు పెట్టాల్సిన చోటు

గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఇనుము లోపం ఉంటుంది. హిమోగ్లోబిన్ బాగున్నవాళ్లలోనూ ఉంటుంది. ఇనుము యాంటీఆక్సిడెంట్ కాదు సరికదా, విడిగా ఉంటే ర్యాడికల్స్ ను పుట్టిస్తుంది. అయినా రోజు గడిచే తీరును మార్చినదిదే. 2009 నాటి ఫెయిర్-హెచ్ఎఫ్ లో 459 మందిలో, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ అనే ఇనుము మందు సిరలోకి ఎక్కించుకున్నవాళ్లలో 50 శాతం మంది 24 వారాలకి తమకి బాగానో ఓ మోస్తరుగానో మెరుగైందని చెప్పారు. ఉత్తుత్తి సూది గుంపులో అలా చెప్పినవాళ్లు 28 శాతం. నడక దూరంలో రెండు గుంపుల మధ్య తేడా సుమారు 35 మీటర్లు. కండరానికి శక్తి తయారుచేసే ఎంజైములకి ఇనుము కావాలి, లేనిది నింపితే ఫలితం వచ్చింది. యాంటీఆక్సిడెంట్ ట్రయల్స్ లో చాలావరకు లోపం ఉందో లేదో చూడకుండానే పోశారు.

మాత్రల ఇనుముతో ఈ లాభం రాదు. 150 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 16 వారాలు మింగించి చూసిన 225 మంది ట్రయల్ లో వ్యాయామ సామర్థ్యమూ మారలేదు, కాన్సస్ సిటీ మార్కులూ మారలేదు. జబ్బువల్ల హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి పేగు దగ్గరే ఇనుముకి అడ్డుపడుతుంది. కాబట్టి ల్యాబులో అడగాల్సినవి రెండు: సీరం ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీను ఎంత శాతం నిండి ఉందో). రెండోది రిపోర్టులో లేకపోతే సీరం ఐరన్ ను టీఐబీసీతో భాగించి 100తో హెచ్చవేయండి. 45ను 300తో భాగిస్తే 15 శాతం. ఫెర్రిటిన్ 100 కంటే తక్కువున్నా, 100 నుంచి 299 మధ్య ఉండి శాచురేషన్ 20 శాతం కంటే తక్కువున్నా లోపమే. ఈఎఫ్ తగ్గినవాళ్లకి ఈ స్థితిలో సిర ద్వారా ఇనుము ఇవ్వమని యూరప్ గుండె వైద్యుల సంఘం 2023లో లక్షణాల కోసం, జీవన నాణ్యత కోసం గట్టిగా సిఫారసు చేసింది. ఒక్క విడతలో 1000 మిల్లీగ్రాములు మించకుండా, ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి. హిమోగ్లోబిన్ 15 దాటితే ఇవ్వరు. సుమారు మూడు నెలలకి మళ్లీ చూస్తారు.

ఇంకో మాట. ఆక్సీకరణను మూలం దగ్గర తగ్గించే మందులు ఇప్పటికే మీ చీటీలో ఉన్నాయి. యాంజియోటెన్సిన్ ను అడ్డుకునే మాత్ర ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ ను నెమ్మదింపజేస్తుంది. కార్వెడిలాల్ కి సొంతంగా యాంటీఆక్సిడెంట్ గుణం ఉంది. హైడ్రలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ జోడీ ఆ సమతూకాన్నే సరిదిద్దుతుంది. 1050 మంది నల్లజాతి అమెరికన్లతో చేసిన 2004 నాటి ట్రయల్ లో అది మరణాలను 43 శాతం తగ్గించింది, జీవన నాణ్యతనీ పెంచింది. పుట్టాక ఊడ్చడం కన్నా పుట్టకుండా చూడడం పనిచేసింది. అందుకే "కార్వెడిలాల్ ఇంకా 3.125 దగ్గరే ఉంది, పెంచవచ్చా?" అన్న ప్రశ్న, ఏ గుళిక కొనాలన్న ప్రశ్న కన్నా విలువైనది.

తిండి విషయానికొస్తే, 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకి పైగా సి-విటమిన్ ఉందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 80 లోపే. అరజామకాయ, ఒక ఉసిరికాయ చాలు. ఉసిరిని ఊరగాయగా తింటే సి-విటమిన్ కన్నా ఉప్పు ఎక్కువ తిన్నట్టు. చ్యవనప్రాశలో చక్కెర లెక్క చూసుకోవాలి. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే పరిమాణంలో తింటే ఐఎన్ఆర్ నిలకడగా ఉంటుంది.

ఇవన్నీ తెలిసీ కో క్యూ 10 లాంటిది వాడాలనుకుంటే, తేడా తెలుసుకునే పద్ధతి ఒకటుంది. మొదలుపెట్టడానికి ముందు నాలుగు ఆదివారాలు అయిదు ప్రశ్నలకి 0 నుంచి 10 మార్కులు రాయండి: స్నానం, మెట్లు, నడక, రాత్రి నిద్ర, మనసు. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు. ఒక్కసారి ఒక్కటే మొదలుపెట్టండి, అదే వారంలో వేరే మందు మోతాదు మారితే వాయిదా వేయండి. మార్కులు రాసేది రోగే, పక్కనున్నవాళ్లు కాదు. ఆరునెలలకి, ఏడాదికి మొదటి కాగితంతో పోల్చండి. మధ్యలో 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది నీరు పట్టడమే, ఏ గుళికా చూసుకోదు, అదే రోజు డాక్టరుకి ఫోను చేయాలి.

ఇప్పటికే వాడుతున్నవాళ్ల సంగతి. ఇ-విటమిన్ 400, నోని రసం, పొంగే సి-విటమిన్, అతిమధురం ఉన్న చూర్ణం ఈ రోజే ఆపొచ్చు, మెల్లగా తగ్గించాల్సిన పనిలేదు. నోని మానాక కూడా వారంలోపు పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి చూపించుకోండి. వార్ఫరిన్ మీద ఉండి ఇ-విటమిన్, పసుపు సారం, కో క్యూ 10 ఏది ఆపినా వారంలో ఐఎన్ఆర్ చూడాలి. ఈసారి ఓపీకి వెళ్లేటప్పుడు రెండో డబ్బాని కూడా సంచిలో వేసుకెళ్లి, అట్టపెట్టెలతో సహా బల్లమీద పెట్టండి. పేర్లు చెబితే సరిపోదు, ఒకే పేరుతో మూడు నాలుగు మోతాదులు అమ్ముతారు.